చిన్న కారు, అడ్డొచ్చే డీర్: అమెరికాలో బండి నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మేం పెన్సిల్వేనియాలో ఉంటాం. ఇక్కడికి చదువుకోవడానికి వచ్చి, నలుగురు కలిసి ఒక సెకండ్ హ్యాండ్ సివిక్కో కరోలానో కొన్న ప్రతి పిల్లాడూ మొదటి చలికాలంలో ఫోన్ చేస్తాడు. "అన్నా, రోడ్డు పక్కన డీర్లు కనిపిస్తున్నాయి, టెన్షన్‌గా ఉంది" అంటాడు. కొందరైతే గుద్దేశాక చేస్తారు. అందరికీ ఒక్కొక్కరికీ చెప్పిందే చెప్పి గొంతు పోయింది, అందుకే ఇలా ఒకచోట రాసి పెడుతున్నాను. చివర్లో మన నల్లమల రోడ్డు గురించి కూడా ఉంది.

చిన్న కారుతో డీర్‌ని గుద్దితే ప్రాణం మీదికి వస్తుందా?

డీర్ వల్ల వచ్చే ప్రమాదం కన్నా, దాన్ని తప్పించబోయి మనం చేసే పని వల్ల వచ్చే ప్రమాదం ఎక్కువ. ఈ పేజీ మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే అది ఇదే ఉండనివ్వండి.

లెక్క చూడండి. చిన్న కారు బరువు మనుషులతో కలిపి సుమారు 1,300 కిలోలు. ఇక్కడ ఎక్కువగా కనిపించే తెల్లతోక జింక, అంటే వైట్ టెయిల్డ్ డీర్, 50 నుంచి 100 కిలోల మధ్య ఉంటుంది. 60 మైళ్ల వేగంతో వెళ్తున్న కారు 70 కిలోల జింకని గుద్దితే కారు వేగం మూడు మైళ్ల దాకా తగ్గుతుంది, అంతే. లోపల కూర్చున్నవాళ్లకి పెద్ద చప్పుడు, చిన్న కుదుపు. చాలాసార్లు ఎయిర్ బ్యాగ్ కూడా తెరుచుకోదు. అదే కారు జింకని తప్పించబోయి చెట్టుకో ఎదురుగా వచ్చే ట్రక్కుకో తగిలితే, ఆ వేగమంతా ఒక్క క్షణంలో సున్నా అవుతుంది. చెట్టు పక్కకి జరగదు కదా.

అమెరికాలో ఏటా పది లక్షల నుంచి ఇరవై లక్షల దాకా పెద్ద జంతువులు వాహనాల కింద పడుతున్నాయని 2008లో ఫెడరల్ హైవే శాఖ అక్కడి కాంగ్రెస్‌కి ఇచ్చిన నివేదిక చెప్పింది. వాటిలో చనిపోయే మనుషులు దాదాపు 200 మంది. ఢీలు లక్షల్లో, చావులు వందల్లో. ఆ వందల మంది ఎలా పోయారని రోడ్డు భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2004లో తొమ్మిది రాష్ట్రాల కేసులు తిరగేసింది. ఎక్కువ మంది జంతువు తగిలి కాదు, ఆ తర్వాత రోడ్డు దిగిపోయో, బైక్ మీది నుంచి పడిపోయో చనిపోయారు. కార్లలో పోయినవాళ్లలో నూటికి 60 మంది సీటు బెల్టు పెట్టుకోలేదు.

మరి పెద్ద ఎస్‌యూవీకీ చిన్న కారుకీ తేడా లేదా?

ఉంది. జింక భుజం ఎత్తు మూడడుగులకి కాస్త అటూ ఇటూ. పికప్ ట్రక్కు ముందు భాగం గోడలా నిలువుగా ఉంటుంది, జింక దానికి తగిలి ముందుకో పక్కకో పడుతుంది. మన చిన్న కారు ముక్కు కిందికి వాలి ఉంటుంది కాబట్టి ముందు కాళ్లకి తగులుతుంది, ఒళ్లు బానెట్ మీదికి దొర్లుతుంది. వేగం ఎక్కువైతే విండ్‌షీల్డ్ దాకా వస్తుంది. జింక అప్పటికే గాల్లోకి ఎగిరి ఉంటే బానెట్ సంగతి కూడా లేదు, నేరుగా అద్దమే.

రెండో తేడా జేబుకి సంబంధించింది. చిన్న కార్లలో బంపర్ వెనకాల కొద్ది దూరంలోనే ఏసీ కండెన్సర్, దాని వెనక రేడియేటర్. చిన్న దెబ్బకే కూలెంట్ కారిపోతుంది. ఆరేడు వేల డాలర్ల పాత కారైతే, హెడ్‌లైట్, బానెట్, రేడియేటర్, ఫెండర్ కలిపేసరికి ఇన్సూరెన్స్ వాళ్లు "టోటల్", అంటే బాగు చేయించడం దండగ, అని చేతులు దులుపుకుంటారు. మనిషికి గీత కూడా పడదు, కారు మాత్రం స్క్రాప్‌కి పోతుంది.

అలాగని డీర్ భయంతో పెద్ద బండి కొనమని నేను ఎవరికీ చెప్పను. నెలనెలా కట్టే వాయిదా ఏ డీర్ కన్నా గట్టిగా తగులుతుంది.

ఏ నెలల్లో, ఏ వేళల్లో ఎక్కువ?

అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. నవంబర్ మరీ ఎక్కువ. అది వాటికి జతకట్టే కాలం, మగవి ఆడవాటి వెంట పడి రోడ్డూ బండీ చూసుకోకుండా పరుగెత్తుతాయి. మే, జూన్ నెలల్లో ఇంకో చిన్న విడత ఉంటుంది. పిల్లల్ని పెట్టే కాలం కాబట్టి, నిరుటి పిల్లల్ని తల్లులు తరిమేస్తాయి. దిక్కు తెలియని ఆ పడుచు జింకలు రోడ్ల మీద తిరుగుతుంటాయి.

రోజులో అయితే సంధ్య వేళలు రెండూ. పొద్దు గుంకాక మూడు నాలుగు గంటలు, తెల్లవారుజామున ఒకటి రెండు గంటలు.

నవంబర్ మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు కదా, అక్కడ ఇంకో చిక్కు. అంతకుముందు వారం దాకా వెలుతురులో ఇంటికి వచ్చేవాళ్లం, సోమవారం నుంచి సరిగ్గా జింకలు బయటికి వచ్చే చీకట్లో వస్తాం. వాషింగ్టన్ యూనివర్సిటీ వాళ్లు 2022లో లెక్కగడితే, గడియారం వెనక్కి తిప్పాక వచ్చే వారంలో డీర్ ప్రమాదాలు 16 శాతం పెరుగుతున్నాయని తేలింది. నేనైతే ఆ వారం ఆఫీసు నుంచి ఊళ్లోని రోడ్ల మీదుగా వస్తాను. పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, పడనివ్వండి.

ఏ రాష్ట్రాల్లో జాగ్రత్తగా ఉండాలి?

స్టేట్ ఫార్మ్ ఇన్సూరెన్స్ కంపెనీ ఏటా ఇచ్చే అంచనాల్లో వెస్ట్ వర్జీనియాదే ఏళ్లుగా మొదటి స్థానం. అక్కడ దాదాపు నలభై మంది డ్రైవర్లలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక జంతువుని గుద్దుతున్నారు. మోంటానా, మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా కూడా ఎప్పుడూ పైనే ఉంటాయి. న్యూజెర్సీలో మనవాళ్లు "మాది సిటీ కదా" అనుకుంటారు. కాలనీ వెనకాల పది చెట్లున్నా చాలు, డీర్లు ఉంటాయి. మా పెరట్లో గోంగూర ఒక్క రాత్రిలో మొదలు దాకా కొరికేసి పోయాయి. ఆ కోపం ఇంకా ఉంది.

నేను స్పీడ్ లిమిట్‌లోనే వెళ్తాను. సరిపోదా?

పగలు సరిపోతుంది. రాత్రి అడవి రోడ్డులో సరిపోదు. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఇది తెలిశాక నా డ్రైవింగే మారింది.

లో బీమ్‌లో జింక లాంటి మట్టిరంగు జంతువు మనకి కనిపించేది 200 అడుగులకి అటూ ఇటూ దూరంలో. 60 మైళ్ల వేగంలో కారు సెకనుకి 88 అడుగులు పోతుంది. కన్ను చూసి, బుర్ర గుర్తుపట్టి, కాలు బ్రేక్ మీదికి వెళ్లేసరికి సెకనున్నర. అంటే బ్రేక్ పడకముందే 132 అడుగులు అయిపోయాయి, మిగిలింది 68 అడుగులు. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ తొక్కినా 60 నుంచి ఆగడానికి ఇంకో 165 అడుగులు కావాలి. కాబట్టి జింక దగ్గరికి చేరేసరికి మన వేగం ఇంకా 45 మైళ్ల పైనే ఉంటుంది.

ఇదే 45 మైళ్ల వేగంలో చూడండి. సెకనున్నరలో 99 అడుగులు, ఆగడానికి 95 అడుగులు. మొత్తం 194. జింకకి ఆరడుగుల ఇవతల కారు ఆగింది.

పదిహేను మైళ్ల తేడా. ఒకదాంట్లో జింక బతికిపోయి మన మొహం చూసి వెళ్తుంది, ఇంకోదాంట్లో బానెట్ మీద ఉంటుంది. వర్షం పడుతుంటేనో, టైర్లు అరిగి ఉంటేనో ఈ లెక్క ఇంకా దిగజారుతుంది. సెకండ్ హ్యాండ్ కారు కొన్నప్పుడు టైర్లు మార్చకుండా ఏడాది తోసేవాళ్లు ఈ పేరా ఇంకోసారి చదవండి.

ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలని కలిపే పెద్ద హైవే) మీద అందరూ 75లో పోతుంటే మీరొక్కరే 45లో వెళ్లడం కుదరదు, అదీ ప్రమాదమే. అక్కడ కుడివైపు చివరి లేన్ వదిలి మధ్య లేన్‌లో ఉండండి. పొదల్లోంచి వచ్చేదాన్ని చూడటానికి పన్నెండు అడుగులు అదనంగా దొరుకుతాయి. రెండు లేన్ల ఊరి రోడ్ల మీద మాత్రం తగ్గించండి. వెనకవాడు లైట్లు కొడితే కొట్టనివ్వండి.

డీర్ అడ్డంగా నిలబడితే స్టీరింగ్ తిప్పాలా, బ్రేక్ వేయాలా?

బ్రేక్. గట్టిగా, తిన్నగా, మన లేన్‌లోనే. ఏబీఎస్ (టైర్లు బిగుసుకుపోకుండా చూసే బ్రేక్ ఏర్పాటు) ఉన్న కారైతే కాలు కింద పెడల్ కొట్టుకున్నట్టు అదురుతుంది, వదలకండి. తగిలేలా ఉంటే తగలనివ్వండి.

చెప్పడం తేలికే. మూడేళ్ల క్రితం నవంబర్‌లో స్టేట్ కాలేజీలో చదువుతున్న మా పిన్ని కొడుకుని చూసి, 322 నంబర్ రోడ్డు మీద హారిస్‌బర్గ్ వైపు వస్తున్నాం. కరోలా. మా ఆవిడ పక్కన, ఆవిడ ఒళ్లో మిగిలిన పులిహోర డబ్బా. కుడివైపు నుంచి ఒక జింక దూకి దాటేసింది. నేను ముందే చూసి స్లో చేశాను, అంతా బాగానే చేశాను. "హమ్మయ్య" అని మళ్లీ యాక్సిలరేటర్ తొక్కాను. అదే తప్పు. రెండోది వచ్చింది.

చేతులు వాటంతటవే ఎడమకి తిప్పేశాయి. ఈ పేజీలో రాసినవన్నీ అప్పటికే నాకు తెలుసు, ఇంకొకళ్లకి చెప్పేవాణ్ని కూడా. కారు వెనక భాగం ఊగింది, కాంక్రీట్ డివైడర్ నా అద్దానికి జానెడు దూరంలోంచి పోయింది. అప్పుడు బ్రేక్ మీద నిలబడ్డాను. జింక కుడి హెడ్‌లైట్‌కి తగిలింది. విమానం సూట్‌కేస్ ఒకటి పైనుంచి బానెట్ మీద పడేసినట్టు చప్పుడు. కారు ఆగాక మా ఆవిడ మొదట అన్నమాట: "డివైడర్ చూశారా?" డీర్ సంగతి ఎత్తనేలేదు.

పులిహోర డ్యాష్‌బోర్డు మీద, ఏసీ వెంట్లలో. పల్లీలు నెల తర్వాత కూడా దొరికాయి.

అందుకే ఇప్పుడు ఒక అలవాటు చేసుకున్నాను. సాయంత్రం బండెక్కగానే ఒకసారి మనసులో అనుకుంటాను: వస్తే బ్రేక్, చేతులు తిన్నగా. నవ్వొస్తుంది కానీ, చేతులకి ముందే చెప్పి పెట్టాలి. అప్పటికప్పుడు అవి మన మాట వినవు.

ఒకటి దాటేశాక ఎంతసేపు ఆగాలి?

రెండోది ఉందనుకునే నడపండి. ఆడ జింకలు పిల్లలతో గుంపుగా తిరుగుతాయి, ఒకదాని వెనక ఒకటి వరసలో దాటతాయి. మొదటిది వచ్చిన వైపే చూడండి, వెళ్లిన వైపు కాదు. మనం సహజంగా వెళ్లినదాన్నే చూస్తాం, అక్కడే దెబ్బ తింటాం.

హై బీమ్, హార్న్ పనికొస్తాయా?

ఎదురుగా బండి లేనప్పుడల్లా హై బీమ్ వేసే ఉంచండి. దూరాన కళ్లు మెరుస్తాయి. జింక కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది, వెలుతురుని వెనక్కి కొడుతుంది. రోడ్డు పక్కన గడ్డిలో రెండు పచ్చటి చుక్కలు కదిలితే అవి మైలురాయి స్టిక్కర్లు కావు.

దగ్గరికి వచ్చాక మాత్రం ఆ వెలుతురే దాన్ని కట్టిపడేస్తుంది. చీకటికి అలవాటైన కన్ను, ఒక్కసారి అంత లైటు పడేసరికి ఏమీ కనిపించక నిలబడిపోతుంది. అప్పుడు లైటు తగ్గించి, హార్న్ ఒక్కసారి పొడుగ్గా కొట్టండి. మన ఊళ్లో గేదెలకి కొట్టినట్టు పీప్ పీప్ అని ముక్కలు ముక్కలుగా కొడితే లాభం లేదు. పొడుగ్గా కొట్టినా కచ్చితంగా కదులుతుందని హామీ లేదనుకోండి. కాలు బ్రేక్ మీదే ఉండాలి.

బంపర్‌కి అతికించే డీర్ విజిల్స్ కొనమంటారా?

వద్దు. జార్జియా యూనివర్సిటీలో జింకల ముందు రకరకాల శబ్దాలు పెట్టి చూశారు, అవి పట్టించుకోలేదు. ఆ డబ్బుతో మసకబారిన హెడ్‌లైట్ గ్లాసులు పాలిష్ చేయించండి.

నా కారులో ఆటోమేటిక్ బ్రేకింగ్ ఉంది. అది ఆపదా?

ఆపితే అదృష్టం అనుకోండి. ఆ సిస్టమ్‌లు ముందుగా కార్లనీ, మనుషులనీ, సైకిళ్లనీ గుర్తుపట్టేలా తయారైనవి. నాలుగు కాళ్లతో అడ్డంగా దూకేదాన్ని చాలావరకు గుర్తుపట్టవు. వోల్వో మాత్రం కొన్ని మోడళ్లలో పెద్ద జంతువులని గుర్తించే ఏర్పాటు పెట్టింది. స్వీడన్ కంపెనీ కదా, అక్కడి అడవి జంతువుల గొడవ వాళ్లది. మీ కారు మాన్యువల్‌లో జంతువుల గురించి ఏం రాశారో చదవండి, సాధారణంగా "గుర్తించకపోవచ్చు" అనే ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ కెమెరాలు, రాడార్లు ఉన్నది గ్రిల్ వెనకా అద్దం మీదా. డీర్ తగిలితే ముందు పోయేవి అవే. వాటిని మార్చి మళ్లీ సరిచేయడం వల్ల కొత్త కార్లకి బిల్లు పాత కార్ల కన్నా ఎక్కువవుతోంది.

గుద్దేశాను. ఇప్పుడేం చేయాలి?

హజార్డ్ లైట్లు వేయండి. కారు కదిలితే రోడ్డు పక్కకి, వీలైనంత గార్డ్ రెయిల్ దగ్గరికి తీసుకెళ్లండి. ఎవరికైనా దెబ్బ తగిలినా, జింక గానీ కారు గానీ రోడ్డుకి అడ్డంగా ఉన్నా 911కి ఫోన్ చేయండి. మైలు మార్కర్ నంబర్ చెప్తే వెంటనే దొరుకుతారు. దెబ్బలేమీ లేవు, రోడ్డు ఖాళీగానే ఉంది అనుకుంటే స్థానిక పోలీసుల మామూలు నంబరుకి చేస్తే చాలు. రిపోర్టు తప్పనిసరా కాదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. తప్పనిసరి కాకపోయినా నంబర్ ఒకటి తీసుకోండి, క్లెయిమ్ అప్పుడు నోరు పడిపోకుండా ఉంటుంది.

జింక దగ్గరికి వెళ్లకండి. చచ్చిపోయినట్టు పడి ఉన్నది ఒక్కసారిగా లేచి కాళ్లు విసిరితే, ఆ గిట్ట తగిలిన చోట ఎముక విరుగుతుంది. పైగా ఒంటి నిండా పేలూ పిడుదులూ. జాలేస్తుంది, నిజమే. నాకు ఆ రాత్రి దాని శ్వాస పొగలా కనిపిస్తూనే ఉంది. పోలీసతను వచ్చి, మమ్మల్ని కారులో కూర్చోమని అటు నడిచాడు. ఒక్క చప్పుడు. మేం ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

తర్వాత ఫోటోలు తీయండి. కారు నాలుగు వైపులా, రోడ్డు, దూరం నుంచి జింక, ముఖ్యంగా పగిలిన చోట ఇరుక్కున్న వెంట్రుకలు. అవి ఎందుకో కింద ఇన్సూరెన్స్ దగ్గర చెప్తాను. తుడిచేయకండి.

కారు నడుస్తూనే ఉంది. నెమ్మదిగా ఇంటికి వెళ్లిపోవచ్చా?

మూడు చూసుకోకుండా వద్దు. ఒకటి, కారు కింద ఫోన్ లైటు వేసి చూడండి. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో నీళ్లు కారుతుంటే అది కూలెంట్. ఆ కారుని నడపకండి, పది మైళ్లలో ఇంజిన్ పోతుంది. మూడు వందల డాలర్ల టోయింగ్ మిగిలిందని సంబరపడి ఇంజిన్ పోగొట్టుకున్నవాడు మా అపార్ట్‌మెంట్‌లోనే ఉన్నాడు. రెండు, బానెట్ కొక్కెం పడిందా లేదా. పడకపోతే హైవే గాలికి లేచి అద్దం మీద పడుతుంది. మూడు, వంగిన ఫెండర్ టైరుకి రాసుకుంటోందా.

నీళ్లు కారకపోతే ఏసీ కండెన్సర్ మాత్రమే పోయి ఉండొచ్చు. అయినా దారంతా టెంపరేచర్ ముల్లు మీద ఒక కన్ను ఉంచండి.

ఇన్సూరెన్స్ ఇస్తుందా?

ఏ ఇన్సూరెన్స్ ఉందన్నదాన్ని బట్టి. ఇక్కడ మూడు పేర్లు గుర్తుపెట్టుకోవాలి. లయబిలిటీ అంటే మీరు ఎదుటివాడికి చేసిన నష్టం. కొలిజన్ అంటే మీ కారు ఇంకో కారుకో చెట్టుకో గోడకో తగిలితే. కాంప్రిహెన్సివ్ అంటే దొంగతనం, వడగళ్లు, మంటలు, జంతువులు. డీర్ తగిలితే కాంప్రిహెన్సివ్ నుంచే వస్తుంది, మీ డిడక్టబుల్, అంటే ముందుగా మన జేబులోంచి పెట్టుకోవాల్సిన మొత్తం, పోను.

కాంప్రిహెన్సివ్ క్లెయిమ్‌ని సాధారణంగా డ్రైవర్ తప్పుగా చూడరు. అదే మీరు డీర్‌ని తప్పించబోయి, డీర్‌కి తగలకుండా గార్డ్ రెయిల్‌కి కొట్టారనుకోండి, అది కొలిజన్ కిందికి పోతుంది. చాలాసార్లు మీ తప్పుగానే రాస్తారు, ప్రీమియం పెరుగుతుంది. డీర్ అడవిలోకి పారిపోయింది, సాక్షి లేడు. స్టీరింగ్ తిప్పకపోవడానికి ప్రాణం ఒక కారణమైతే, ఇది ఇంకోటి.

ఇప్పుడు వెంట్రుకల సంగతి. నా కారు చూడటానికి వచ్చిన మనిషి టార్చి తీసుకుని, పగిలిన హెడ్‌లైట్ ప్లాస్టిక్ అంచులు ఒక్కొక్కటే చూశాడు. అక్కడ గోధుమ రంగు వెంట్రుకలు కుచ్చులా ఇరుక్కుని ఉన్నాయి, లోపల బోలుగా, చీపురు పుల్లల్లా పెళుసుగా. ఫోటో తీసుకుని, "డీర్" అని రాసుకున్నాడు. అప్పటికి నేను కారు కడిగించేద్దామని కార్ వాష్ కూపన్ జేబులో పెట్టుకుని ఉన్నాను.

డబ్బు రావడానికి మాత్రం ఆరు వారాలు పట్టింది. రిపేరు షాపు వాళ్లు ఇన్సూరెన్స్ వాళ్ల మీద, వాళ్లు వీళ్ల మీద చెప్పుకున్నారు. అద్దె కారు కవరేజీ ముప్పై రోజులకే అయిపోయింది. పాలసీ తీసుకునేటప్పుడు ఆ రోజుల లెక్క కూడా చూసుకోండి.

పాత కారు కదా అని లయబిలిటీ ఒక్కటే తీసుకున్నాను.

అయితే డీర్ తగిలితే పైసా రాదు. స్టూడెంట్లలో చాలామంది పరిస్థితి ఇదే. కాంప్రిహెన్సివ్ ఒక్కటే విడిగా కలుపుకోవడానికి చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి, కొలిజన్ కన్నా చవకగానే ఉంటుంది. అడిగి చూడండి. కారు విలువ రెండు వేలు, డిడక్టబుల్ వెయ్యి అయితే మాత్రం అనవసరం, ఆ డబ్బు దాచుకోండి.

అద్దె కారుతో గుద్దితే?

కౌంటర్ దగ్గర అమ్మే డ్యామేజ్ వేవర్ (కారుకి నష్టం జరిగినా మన మీద వేయకుండా ఉండే ఒప్పందం) తీసుకుని ఉంటే సాధారణంగా గొడవ ఉండదు. లేకపోతే మీ సొంత పాలసీ, లేదా ఆ కారు బుక్ చేసిన క్రెడిట్ కార్డు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో నయాగరాకో స్మోకీ కొండలకో వెళ్లేముందు ఒక అరగంట ఇవి చదువుకోండి. వెళ్లాక రాత్రి పదకొండుకి రోడ్డు పక్కన నిలబడి చదవడం కష్టం.

ఆ మాంసం తీసుకోవచ్చా?

నవ్వకండి, ఈ ప్రశ్న నిజంగానే చాలామంది అడుగుతారు. రాష్ట్రాన్ని బట్టి. పెన్సిల్వేనియా నివాసులైతే తీసుకోవచ్చు. 24 గంటల్లో గేమ్ కమిషన్‌కి, అంటే అక్కడి వన్యప్రాణుల శాఖకి, చెప్పి పర్మిట్ నంబర్ తీసుకోవాలి, కొమ్ములు ఊరికే ఉంచుకోకూడదు. అలాస్కాలో రోడ్డు మీద చచ్చిన మూస్ (జింక జాతిలో అన్నిటికన్నా పెద్దది) ప్రభుత్వానిది, మాంసం పేదలకీ ధర్మసంస్థలకీ పంచుతారు. కొన్ని రాష్ట్రాల్లో తీసుకెళ్లడమే నేరం. కారు తగిలి పేగు పగిలిన మాంసం త్వరగా పాడవుతుంది, కోయడం తెలిసినవాళ్లు పక్కన లేకపోతే ఆ ఊసే వద్దు.

మూస్ కూడా ఇలాంటిదేనా?

కాదు. ఇక్కడ పై లెక్కలన్నీ తిరగబడతాయి. మెయిన్, న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్ వైపు వెళ్తే మూస్ ఉంటుంది. నాలుగైదు వందల కిలోల ఒళ్లు, ఆరడుగుల భుజం ఎత్తు, పుల్లల్లాంటి పొడుగు కాళ్లు. చిన్న కారు ఆ కాళ్లని లాగేస్తే, ఒళ్లంతా బానెట్ మీదుగా నేరుగా అద్దంలోంచి మన మీదికి వస్తుంది. ముదురు రంగు కాబట్టి చీకట్లో కనిపించదు, కళ్లు మన హెడ్‌లైట్ల కన్నా ఎత్తులో ఉంటాయి కాబట్టి చాలాసార్లు మెరవవు.

డీర్ విషయంలో తిప్పొద్దని ఇంత గట్టిగా చెప్పానా, మూస్ అయితే మాత్రం పక్కన నిజంగా ఖాళీ ఉంటే, అది వచ్చిన వైపుగా, దాని వెనక నుంచి తప్పించడమే మంచిది. స్వీడన్‌లో ఇందుకోసమే కార్లకి "మూస్ టెస్ట్" పెడతారు. 1997లో మెర్సిడెస్ ఎ-క్లాస్ అనే చిన్న కారు అలా తిప్పేసరికి బోల్తా పడింది. కంపెనీ అప్పటికే అమ్మిన కార్లని వెనక్కి తీసుకుని సరిచేయాల్సి వచ్చింది. అన్నిటికన్నా మేలు, ఆ రాష్ట్రాల్లో చీకటి పడ్డాక కొండ రోడ్లెక్కకపోవడం.

నాకు కారు లేదు, బైక్ ఉంది.

అప్పుడు మొదటి ప్రశ్నకి ఇచ్చిన ధైర్యం మీకు వర్తించదు. పైన చెప్పిన ఐఐహెచ్ఎస్ పరిశీలనలో, బైకుల మీద చనిపోయినవాళ్లలో 65 శాతం మందికి హెల్మెట్ లేదు. నవంబర్ సాయంత్రాలు బైక్ ఇంట్లో పెట్టండి.

ప్రభుత్వం కంచె వేయొచ్చు కదా?

వేసిన చోట పనిచేసింది. కెనడాలో బాన్ఫ్ నేషనల్ పార్కు రోడ్డుకి రెండు వైపులా కంచె వేసి, జంతువులు దాటడానికి పైన వంతెనలు, కింద సొరంగాలు కట్టారు. వన్యప్రాణుల ప్రమాదాలు 80 శాతానికి పైగా తగ్గాయి, జింక జాతి వరకే చూస్తే 96 శాతం. కానీ తెల్లతోక జింక ఎనిమిది అడుగులు దూకగలదు, కాబట్టి కంచె అంతకన్నా ఎత్తుండాలి, మైళ్ల తరబడి ఉండాలి. డబ్బు ఎక్కడైనా డబ్బే.

మన దగ్గరా ఉంది. హైదరాబాద్ నుంచి నాగపూర్ మీదుగా పోయే 44వ నంబర్ జాతీయ రహదారి, నాగపూర్ దాటాక పెంచ్ పులుల అడవిలోంచి వెళ్తుంది. అక్కడ మహారాష్ట్ర వైపు రోడ్డుని పైకి లేపి, కింద నుంచి జంతువులు పోయేలా తొమ్మిది దారులు కట్టారు. చుక్కల దుప్పుల దగ్గర్నుంచి పులుల దాకా వాటి కింద నడుస్తూ కెమెరాలకి చిక్కాయి.

శ్రీశైలం వెళ్తాం. చిన్న కారుతో నల్లమలలో ఈ భయం ఉందా?

ఉంది. అక్కడ చుక్కల దుప్పి మన తెల్లతోక జింకంత బరువే ఉంటుంది. కణితి (సాంబార్ జింక) మాత్రం రెండు వందల కిలోలు దాటుతుంది, ఆల్టో లాంటి బండికి అది సగం మూస్‌తో సమానం. అడవి పందులు, దారి మధ్యలో కూర్చునే కోతులు అదనం.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకి మన్ననూర్ చెక్‌పోస్టు, మార్కాపురం వైపు నుంచి వచ్చేవాళ్లకి దోర్నాల చెక్‌పోస్టు రాత్రి 9కి మూసి ఉదయం 6కి తెరుస్తారు. ఇది అడవి జంతువుల కోసం పెట్టిన నియమం, మనకీ మేలే. చిక్కల్లా ఎనిమిదిన్నరకి చెక్‌పోస్టు దాటాలని పరుగులు తీసేవాళ్లతోనూ, ఉదయం ఆరింటికి గేటు తీయగానే మొదటి దర్శనానికి దూసుకెళ్లేవాళ్లతోనూ. సరిగ్గా ఆ రెండు వేళలే దుప్పులు రోడ్డు దాటే వేళలు. గేటు తీశాక ఒక టీ తాగి, వెలుతురు వచ్చాక కదలండి. మల్లన్న ఎక్కడికీ పోడు.

గుద్దితే కారు దిగి తిరగకండి, అది పులులున్న అడవి. ముందున్న చెక్‌పోస్టులో చెప్పండి. మాంసం మాట నోట కూడా అనకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద జైలు. ఇన్సూరెన్స్ అయితే ఇక్కడ థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే మీ కారుకి ఏమీ రాదు, ఫుల్ ఇన్సూరెన్స్ ఉంటేనే.

పక్క సీట్లో కూర్చున్నవాళ్లు ఏం చేయాలి?

ఫోన్ పక్కన పెట్టి తమ వైపున్న పొదలు చూడాలి. ఏదైనా కదిలితే "డీర్!" అని ఒక్క మాట, అంతే. "అయ్యో అటు చూడండి, చూడండి, ఎంత బాగుందో" అంటే డ్రైవర్ అటే చూస్తాడు. చేయి పట్టుకుని లాగకూడదు. కాళ్లు డ్యాష్‌బోర్డు మీద పెట్టుకోకూడదు, ఎయిర్ బ్యాగ్ తెరుచుకుంటే మోకాళ్లు మొహానికి వస్తాయి. తినే డబ్బాలు మూత పెట్టి వెనక సీటు కింద. మా ఆవిడ ఇప్పుడు స్టీలు క్యారేజీ తెస్తోంది, క్లిప్పులున్నది.